చేతులకు ఛుట్టీ ఇచ్చిన దాస్తాన్

"క్యా హోనా సాబ్?" అన్నాడు అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒక దుకాణ్‌దార్.

"కారులో ఫోన్ మాట్లాడటానికి బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ" అన్నాను.

అడగడమే ఆలస్యం, కౌంటర్ మీద నాలుగు రకాలు పరిచాడు. చెవికి తగిలించుకునేది ఒకటి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చేది ఒకటి. ఎండకు అడ్డంగా దించుకునే సన్‌వైజర్‌కు క్లిప్పుతో పెట్టుకునే స్పీకర్ ఒకటి. పాత రేడియో పీకేసి దాని జాగాలో బిగించే స్టీరియో ఒకటి. "వీటిలో ఏది మంచిది మియాఁ?" అంటే, "సబ్ అచ్ఛేచ్ హై సాబ్, ఆప్ బజట్ బోలో" అన్నాడు. అన్నీ మంచివేనట, నా బడ్జెట్ చెబితే చాలట.

ఆ రోజు ఏమీ కొనకుండానే వచ్చేశాను. నా మసలా బడ్జెట్ కాదు. అదేంటో చెప్పాలంటే అంతకు రెండు వారాల ముందు జరిగిన సంగతి చెప్పాలి.

రాత్రి తొమ్మిది దాటింది. డ్యూటీ ముగించుకుని మెహదీపట్నం మీదుగా ఇంటికి పోతున్నాను. డెస్క్ నుంచి ఫోన్. మొదటి పేజీలో నేను పెట్టిన హెడ్డింగ్ రెండు కాలాల్లో ఇమడడం లేదు, మార్చాలట. ఫోన్ డ్యాష్‌బోర్డు మీద స్టాండులో ఉంది, స్పీకర్ ఆన్‌లో ఉంది. స్పీడు నలభై కూడా లేదు. "ఆ మాట తీసెయ్, 'ఫైసలా' పెట్టు, పొట్టిగా ఉంటుంది" అని చెబుతున్నాను. ఎదురుగా ఒక తోపుడు బండి. అరటిపళ్ల బండి, మా ఇళ్లలో మౌజ్ బండి అంటాం. బ్రేకు తొక్కాను గాని బంపర్ వెళ్లి బండి చక్రానికి తగిలింది. రెండు మూడు హస్తాలు జారి రోడ్డు మీద పడ్డాయి. బండి పట్టుకుని నిలబడ్డ ముసలాయనకు దెబ్బ తగల్లేదు, అల్లా కరమ్.

"దేఖ్‌కే చలాతే నై క్యా మియాఁ?" అన్నాడాయన. చూసి నడపవా అని.

"నై దిఖా చచ్చా" అన్నాను. కనబడలేదు చచ్చా.

ఆయన తల పైకెత్తి వీధి దీపం వైపు చూశాడు. "ఇత్తే ఉజాలే మే?" అన్నాడు. ఇంత వెలుతురులోనా?

దానికి నా దగ్గర జవాబు లేదు. పళ్లు ఏరి బండి మీద పెట్టాను. డబ్బులిస్తే నలిగిన వాటికి మాత్రమే తీసుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే అందరిదీ ఒకటే మాట: "బ్లూటూత్ పెట్టించుకో, చేతులు ఖాళీగా ఉంటాయి." కాని ఆ రాత్రి నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉండగానే జరిగిన గల్తీకి, చేతులు ఖాళీ చేసే మెషీన్ ఏం ఇలాజ్ చేస్తుంది? దుకాణ్‌దార్‌ను అడగాల్సిన సవాల్ అది. అతను చెప్పలేడు గనక తారీఖ్‌ను అడుగుదామనుకున్నాను.

తెలుగులో తారీఖు అంటే నెలలో ఫలానా రోజు, అంతే. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఉర్దూ మీడియం బడిలో మాకు చరిత్ర పీరియడ్ పేరు అదే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, సగం అర్థం దారిలో ఎక్కడో జారిపోయిన ఇలాంటి మాటలు చాలా కనబడ్డాయి. "హ్యాండ్స్‌ఫ్రీ" కూడా అలా సగం అర్థంతో మన దాకా వచ్చిన మాటేనేమోనని నా అనుమానం.

కారుకూ ఫోనుకూ నిఖా ఎప్పుడు జరిగిందని వెదికితే దాస్తాన్ స్వీడన్‌లో మొదలవుతుంది. లార్స్ మాగ్నస్ ఎరిక్సన్ అనే ఆయన టెలిఫోన్ కంపెనీ పెట్టి, పేరూ డబ్బూ సంపాదించి, రిటైరై పొలంలో స్థిరపడ్డాడు. 1910 ప్రాంతంలో ఆయన కారులో ఒక టెలిఫోన్ ఉండేదని చెబుతారు. వైరు లేకుండా మాట్లాడే సౌకర్యం కాదది. ఆయన, భార్య హిల్డా కలిసి కారులో పోతూ, ఫోన్ చేయాలనిపిస్తే రోడ్డు పక్కన ఆపేవారు. రెండు పొడవాటి కర్రలు తీసి, పైన స్తంభాల మీద పోయే టెలిఫోన్ తీగలకు కొక్కెంలా తగిలించేవారు. అప్పుడు ఎక్స్‌ఛేంజి దొరికేది. మాటలు అయిపోయాక కర్రలు దించి బండి కదిలించేవారు.

ఈ కహానీలో ఒక విషయం చూడండి. మొట్టమొదటి కార్ ఫోన్ కారు ఆగితేనే పని చేసేది. ఆపకుండా మాట్లాడే వీలే లేదు.

తర్వాత కారులోకి వచ్చింది రేడియో. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ కార్లలో బిగించే రేడియో తెచ్చి, దానికి మోటరోలా అని పేరు పెట్టింది. మోటారు కారులోని "మోటార్"కి, ఆ రోజుల్లో పాటల పెట్టెల పేర్ల చివర ఉండే "ఓలా" తగిలిస్తే అయిన పేరది. అది వినడానికే, జవాబు చెప్పడానికి కాదు. రేడియో మనతో మాట్లాడుతుంది గాని మన మాట కోసం ఆగదు. ఎదురుగా లారీ వస్తే దాన్ని మరచిపోవచ్చు, అది అలగదు.

1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బెల్ కంపెనీ మొబైల్ టెలిఫోన్ సర్వీసు మొదలుపెట్టింది. పేరుకు మొబైల్. బరువు దాదాపు 36 కిలోలు, అది డిక్కీలో ఉండేది. డ్రైవర్ దగ్గర రిసీవర్ ఉండేది. మాట్లాడాలంటే బటన్ నొక్కాలి, వినాలంటే వదలాలి. ప్రతి కాల్‌కూ మధ్యలో ఆపరేటర్ ఉండాలి. ఊరు మొత్తానికీ ఒకేసారి మాట్లాడగలిగేది ముగ్గురే. 1979లో టోక్యోలో సెల్యులార్ పద్ధతిలో ఫోన్ వ్యాపారంగా మొదలైనప్పుడు కూడా అది కార్ ఫోనే. అంటే ఆ జమానాలో ఫోన్ మనిషిది కాదు, కారుది.

ఆ ఖయాల్‌ను మార్చిన వాళ్లలో ముందు వరుసలో ఉన్నవాడు మార్టిన్ కూపర్. మోటరోలా ఇంజనీరు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి, చేతిలో పట్టుకునే ఫోన్‌తో మొదటి కాల్ చేశాడు. ఎవరికనుకున్నారు? ఇదే పనిలో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో తన రఖీబ్ జోయెల్ ఎంగెల్‌కు. నేను సెల్‌ఫోన్ నుంచి మాట్లాడుతున్నాను అని చెప్పడానికి. ఫోన్ నంబరు ఇంటికో కారుకో కాదు, మనిషికి ఉండాలన్నది కూపర్ వాదన. ఆ వాదనే గెలిచింది. అయితే కారు నుంచి విడిపోయి మనిషి చేతిలోకి వచ్చిన ఫోన్, అదే మనిషితో పాటు మళ్లీ కారెక్కింది. ఈసారి ఒక చేతిని తన కోసం అడిగింది.

మన దగ్గర ఈ తారీఖ్ 1995 జూలై 31న మొదలైంది. ఆ రోజు కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు మొదటి మొబైల్ కాల్ చేశారు. అప్పట్లో చేసిన కాల్‌కే కాదు, వచ్చిన కాల్‌కూ డబ్బులు పోయేవి. కారు నడుపుతూ గంటసేపు ముచ్చట్లు పెట్టే స్తోమత ఎంతమందికి ఉండేది? 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఆ తర్వాత బైకు మీద మెడ వంచి భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పోయే మనిషి మన రోడ్ల మీద మామూలు దృశ్యమైపోయాడు.

ఇక బ్లూటూత్. ఇక్కడ దాస్తాన్ తిరిగి ఎరిక్సన్ పేరు దగ్గరికే వస్తుంది. 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఆ ముసలాయన పెట్టిన కంపెనీలోనే, యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజనీరు, ఆయన సాథీలు ఒక పని తలపెట్టారు. ఫోనుకూ దాని చుట్టూ ఉండే సామాన్లకూ మధ్య వైర్లు లేకుండా, తక్కువ కరెంటుతో, కొన్ని మీటర్ల దూరంలో పని చేసే రేడియో బంధం కావాలి. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా ఒక జట్టు కట్టాయి. పేరు పెట్టింది ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్. పదో శతాబ్దంలో డెన్మార్క్‌నూ నార్వేనూ ఒక్కటి చేసిన రాజుగా చెప్పుకునే హరాల్డ్‌కు బ్లూటూత్ అని బిరుదు, అంటే నీలి పన్ను. ఒక పన్ను చచ్చి నీలంగా మారడం వల్ల ఆ పేరొచ్చిందని ఒక రివాయత్. తగువులాడుకునే కంపెనీలను కలిపే టెక్నాలజీకి ఆ రాజు పేరు తాత్కాలికంగా పెట్టుకున్నారు. అసలు పేరు కుదరక అదే స్థిరపడిపోయింది. మీ ఫోన్ మీద కనిపించే ఆ గుర్తు కూడా హరాల్డ్ పేరులోని రెండు మొదటి అక్షరాలను పాత స్కాండినేవియా లిపిలో కలిపి రాసిందే.

పని చేసే తీరు కూడా మజాగా ఉంటుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే బ్లూటూత్ కూడా నడుస్తుంది. ఆ గుంపులో మాట చెదరకుండా, ఉన్న 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు దూకుతుంది. ఫోనూ స్పీకరూ ముందే ఒప్పుకున్న వరసలో కలిసి దూకుతాయి. పెయిరింగ్ చేసేటప్పుడు ఆ రెండింటి మధ్య పరిచయం కుదురుతుంది. ఇలాంటి దూకుడుకు 1942లో హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి పేటెంటు తీసుకున్నారు. శత్రువు చెడగొట్టలేని టార్పెడో కోసం, పియానో మెట్లలా 88 చానళ్లతో. బ్లూటూత్ మొత్తం ఆమెదే అనడం ఇన్సాఫ్ కాదు, ఆమెకు ముందూ ఇతరులు ఇలా ఆలోచించారు. ఆమె పేరే తలవకపోవడమూ ఇన్సాఫ్ కాదు.

ఇంత తెలివైన ఈజాద్‌కు బజారులో గిరాకీ తెచ్చిన వాటిలో ఖానూన్ కూడా ఉంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రం, 2003 డిసెంబరులో బ్రిటన్, నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడాన్ని నిషేధించాయి. చేతిలో లేకపోతే ఫరవాలేదన్నాయి. మన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణలోనూ ఉన్న మాట "చేత్తో పట్టుకునే" పరికరం అనే. మొదటిసారి దొరికితే 1000 నుంచి 5000 రూపాయల దాకా జరిమానా, జైలుకు కూడా వీలుంది. పోలీసు కంటికి కనబడేది చేయి, దిమాగ్ కాదు. అందుకే ఖానూన్ చేతిని పట్టుకుంది. దాని మజ్బూరీ అర్థం చేసుకోవచ్చు. కాని ఖానూన్ వదిలేసిన దాన్ని మనం "ఖతరా లేనిది" అని చదువుకున్నాం.

ఆ చదువు తప్పని ఈ చట్టాల కంటే ముందే తెలుసు. 1997లో టొరంటోలో రెడెల్‌మయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు, ప్రమాదాలు చేసిన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తిరగేశారు. ఫోన్ వాడుతున్న సమయంలో గుద్దుకునే ముప్పు దాదాపు నాలుగు రెట్లు. హ్యాండ్స్‌ఫ్రీ వాడిన వాళ్లకు అదనపు రక్షణ ఏమీ కనబడలేదు. ఆ తర్వాత యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం డ్రైవర్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, వాళ్ల చూపు ఎక్కడ పడుతోందో పరికరంతో కొలిచింది. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతున్న వాళ్ల కళ్లు దారి పక్క వస్తువుల మీద పడ్డాయి. తర్వాత అడిగితే, మాట్లాడని వాళ్ల కంటే చాలా తక్కువ గుర్తుపట్టారు. కన్ను చూసింది, మనసు నమోదు చేసుకోలేదు.

ఇది చదివినప్పుడు ఆ వీధి దీపం గుర్తొచ్చింది. "ఇత్తే ఉజాలే మే?" అన్న చచ్చాకు జవాబు ఇది. నా నజర్ ఆయన బండి మీద పడే ఉంటుంది. తవజ్జో మాత్రం రెండు కాలాల హెడ్డింగ్‌లో ఉంది. నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. "ఫైసలా" అనే మాట వెదకడానికి నాకు రెండు సెకన్లు పట్టిందనుకోండి, 22 మీటర్లు నేను లేకుండానే నా కారు నడిచింది.

మరి పక్క సీట్లో మనిషితో మాట్లాడితే? అదే బృందం 2008లో దాన్నీ పోల్చి చూసింది. పక్కన కూర్చున్న మనిషికి రోడ్డు కనబడుతుంది. ట్రాఫిక్ ముదిరితే మాట ఆపుతాడు, మలుపు వస్తే గుర్తు చేస్తాడు. ఫోన్ అవతల ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. నా డెస్క్ కుర్రాడి ఎదుట ఉన్నది పేజీ, మౌజ్ బండి కాదు. అతని ఖసూర్ ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా "సెల్‌ఫోన్ మాట్లాడుతూ ప్రమాదం" అని వార్తలు దిద్దినవాణ్ని నేను. డ్రైవర్ నిర్లక్ష్యం అని రాసిన ప్రతిసారీ, అవతల ఫోన్ పట్టుకున్నది ఎవరో అడగాలని ఒక్కసారీ తోచలేదు.

ఇంత తెలిశాక బ్లూటూత్ నక్కో అనేయొచ్చు కదా అంటారేమో. అమ్మీకి షుగర్ ఉంది. మా అబ్బాయి బడి ఇంటికి దూరం. కొన్ని కాల్స్ ఎత్తక తప్పదు, ఎత్తేది పది సెకన్లయినా ఫోన్ కోసం చేయి వెదకకూడదు. కాబట్టి తర్వాతి ఆదివారం అదే దుకాణానికి మళ్లీ పోయాను. ఈసారి "ఏది మంచిది?" అనలేదు. "చిన్న కాల్‌ను తక్కువ తక్లీఫ్‌తో ముగించేది ఏది?" అని చూశాను. కొనబోయే వాళ్లకు పనికొస్తుందని నా లెక్క చెబుతాను.

చెవిలో పెట్టుకునేది వద్దనుకున్నాను. ఒక చెవి మూసుకుపోతే హారన్ ఎటు నుంచి వస్తోందో తెలియదు, రింగైనప్పుడు అది చెవిలో లేకపోతే మళ్లీ వెదుకులాటే. సాకెట్‌లో గుచ్చేది ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. అన్నిటికంటే సస్తా, పాటలకు బాగుంటుంది. కాని అది కారు రేడియోలో ఖాళీ చోటు వెదికి మన కాల్‌ను అక్కడ వినిపిస్తుంది. నగరంలో స్టేషన్లు ఎక్కువ, ఒక చోట ఖాళీగా ఉన్న నంబరు ఇంకో చోట ఉండదు, గరగర మొదలవుతుంది. పైగా మైకు గేరు రాడ్ దగ్గర, నోటికి దూరంగా ఉంటుంది. అవతలివాళ్లు "క్యా? క్యా?" అంటూ ఉంటే కాల్ ఇంకా సాగుతుంది. కొత్త స్టీరియో మంచిదే, మైకును విడిగా తెచ్చి అద్దం పక్క స్తంభానికి బిగించేది అయితే. నా పాత కారుకు అంత ఖర్చు దండగ.

తీసుకున్నది సన్‌వైజర్ స్పీకర్. మైకు నోటికి దగ్గర, వైర్లు లేవు, బటన్ ఒక్కటే, పెద్దది, చూడకుండా వేలికి అందుతుంది. పిలిచేది ఎవరో పేరు చదివి చెబుతుంది, స్క్రీన్ వైపు చూడనక్కర్లేదు. కారెక్కగానే తనంతట తాను ఫోన్‌తో కలుస్తుంది. రెండు ఫోన్లుంటే రెండింటినీ పట్టుకుంటుంది. కొనేటప్పుడు ఒక సంగతి అడగండి: కాల్‌కు ఒక ప్రొఫైల్, పాటలకు ఇంకో ప్రొఫైల్ ఉంటాయి, కొన్ని చౌక సామాన్లలో పాటలదే ఉంటుంది. ఇంకొకటి, ప్రతిధ్వని తగ్గించే ఏర్పాటు. స్పీకర్‌లో వచ్చే అవతలివాళ్ల మాట తిరిగి మైకులో పడితే వాళ్ల ఆవాజ్ వాళ్లకే వినబడి చిరాకు పడతారు. దుకాణంలో నిశ్శబ్దంలో పరీక్షిస్తే తెలియదు. కారులో పెట్టి, ఏసీ పూర్తిగా తిప్పి, ఒకసారి అద్దాలు దించి ఇంటికి ఫోన్ చేసి చూడండి. నేనలాగే చేశాను, దుకాణ్‌దార్ కుర్రాడు కూడా కారులో కూర్చుని నవ్వాడు.

కొన్నాక ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెట్టాను. ఇద్దరి కాల్స్ తప్ప వేరేవి మోగవు. ఒకటి అమ్మీది, రెండోది బడిది. మిగతా వాళ్లకు "గాడీ నడుపుతున్నాను, చేరాక చేస్తాను" అని సందేశం పోతుంది. డెస్క్‌లో కూడా ఒక దస్తూర్ పెట్టుకున్నాం: ఫోన్ ఎత్తగానే "బండి మీద ఉన్నారా?" అని అడగాలి, అవునంటే పెట్టేయాలి. పేజీ పది నిమిషాలు ఆగుతుంది.

మొన్న రాత్రి కారు నడుపుతుంటే సన్‌వైజర్ "అమ్మీ" అంది. బటన్ నొక్కి, "అమ్మీ, ఏక్ మినట్" అన్నాను. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్లు దాటాక ఒక పాన్ డబ్బా ముందు జాగా చూసి, ఇండికేటర్ వేసి కారు ఆపాను. అప్పుడు మాట్లాడాను. దవా అయిపోయిందట, వచ్చేటప్పుడు తెమ్మంది. "గాడీ మే హై క్యా?" అని అడిగింది. "హౌ అమ్మీ, ఖడీ హై" అన్నాను. అవును, ఆగి ఉంది. "అచ్ఛా, ధ్యాన్ సే ఆ" అని పెట్టేసింది.

ఎరిక్సన్ దంపతులకు కర్రలు దించి బండి కదిలించడానికి ఎంతసేపు పట్టేదో గాని, నాకు మొత్తం రెండు నిమిషాలు పట్టింది. దారిలో మందుల షాపు ఇంకా తెరిచే ఉంది.